తిరిగొచ్చిన జవాను సంగతి ఎవరు రాసిపెడతారు?

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు కన్నుమూసిన మర్నాడు మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. మాజీ సైనికుడు, 1971 యుద్ధంలో పాల్గొన్నారు, కొంతకాలంగా అనారోగ్యం, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అంతే. అందులో తప్పు ఒక్కటీ లేదు. మీ విలేకరి అడిగినవాటికి మేము చెప్పిన జవాబులే అవి. కాబట్టి ఇది ఫిర్యాదు కాదు. అయితే ఆ వార్త చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. యుద్ధంలో ప్రాణం పోతే తప్ప సైనికుడి జీవితం చెప్పుకోదగినది కాదా? పాతికేళ్లకు దగ్గరగా కొలువు చేసి, కాలూ చేయీ పోగొట్టుకోకుండా తిరిగొచ్చి, పిల్లల్ని చదివించి, పెద్ద వయసులో మంచం మీద పోయినవాడి సంగతి ఎవరు రాసిపెడతారు?

అమరవీరులకు దక్కే గౌరవంలో పిసరంత తగ్గినా నేను ఒప్పుకోను. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి, ఒక్కో రాతి పలక మీద ఒక్కో పేరు. దానికి వెలుపల రక్షక చక్రం ఉంటుంది. అక్కడ గోడలు లేవు, పేర్లూ లేవు, చెట్ల వరుసలున్నాయి. సరిహద్దులు కాసే సైనికులకు అవి గుర్తు. ఆలోచన మంచిదే. కానీ పోయినవాడికి పలక దక్కితే, ఉన్నవాళ్లంతా కలిపి ఒక తోట అయ్యారు. దేశ రాజధానిలో అంతకు మించి సాధ్యం కాదేమో. జిల్లా స్థాయిలో ఎందుకు సాధ్యం కాదు?

నాన్నగారు 1968లో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారు. మద్రాస్ శాపర్లంటారు వాళ్లను. 1780 నాటి దళం, కేంద్రం బెంగళూరు. దక్షిణాది కుర్రాళ్లే ఎక్కువ. శాపర్ల పని తుపాకీ పేల్చడం కన్నా దారి వేయడం. వాగు మీద వంతెన కట్టడం, కొండ మీద రోడ్డు వేయడం, మందుపాతరలు పాతడం, తీయడం. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో మన పశ్చిమ సరిహద్దున శకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర ఆయన చేసింది ఈ చివరి పనే. పదిహేనో తేదీ రాత్రి ట్యాంకుల కోసం పాతరల మధ్య నుంచి దారి తీస్తున్నారు. పని సగంలో ఉండగానే అవతల శత్రువు ట్యాంకుల అలికిడి వినిపిస్తోందని కబురొచ్చింది. పూర్తికాని ఆ దారిలోనే మన ట్యాంకులు దూసుకుపోయాయి. మర్నాటి పోరులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ఇరవై ఒక్కేళ్ల వయసులో ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందారు. ఆ పేరు దేశానికి తెలుసు, తెలియాలి కూడా. ఆ ట్యాంకుల ముందు చీకట్లో మోకాళ్ల మీద జరుగుతూ, ఇనుప ఊచతో మట్టిని తడుముకుంటూ పోయిన జవాన్ల పేర్లు వాళ్ల ఇళ్లలో తప్ప ఇంకెక్కడా వినపడవు.

ఆ ఊచను ఎలా వాడతారో ఒకసారి తమ్ముడు అడిగాడు. నాన్నగారు వాడి చేతిలోని పెన్సిల్ తీసుకుని బల్ల మీద చూపించారు. నిటారుగా గుచ్చకూడదు, ఏటవాలుగా గుచ్చాలి. పాతర నెత్తిన నొక్కుడు పడితే పేలుతుంది, పక్కన తగిలితే ఊరుకుంటుంది. అంతవరకు చెప్పి, అదే పెన్సిల్‌తో వాడి లెక్కల పుస్తకం దిద్దడం మొదలుపెట్టారు. యుద్ధం గురించి మా ఇంట్లో జరిగిన పాఠం అదొక్కటే. 1987లో శాంతి పరిరక్షక దళంతో శ్రీలంక వెళ్లారు. అక్కడ మనవాళ్లు దాదాపు పన్నెండు వందలమంది పోయారు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, మాకు అడిగే ధైర్యమూ చాలలేదు.

నిజానికి ఆయన జీవితంలో యుద్ధం కొన్ని వారాలే. మిగతాదంతా ఎడబాటు. సైనికుల కుటుంబాలు కాలాన్ని రెండు మాటలతో కొలుస్తాయి: పీస్ స్టేషన్, ఫీల్డ్. పీస్ స్టేషన్ అయితే, క్వార్టర్ దొరికితే, భార్యాపిల్లలు వెంట ఉండొచ్చు. ఫీల్డ్ అయితే ఉత్తరాలే. చిరునామా ఎప్పుడూ ఒకటే, 56 ఏపీఓ, అంటే సైనిక తపాలా కార్యాలయం. ఆయన ఎక్కడున్నదీ అందులో తెలియదు, తెలియకూడదు కూడా. మా అమ్మ మాత్రం కనిపెట్టేసేది. ఒక చలికాలం ఉత్తరమంతా పెన్సిల్‌తో వచ్చింది. సిరా గడ్డకట్టేంత ఎత్తున ఉన్నారన్నమాట.

ఆయన ఇన్‌లాండ్ ఉత్తరం రాసే పద్ధతి వేరు. స్కేలు పెట్టి గీతలు కొట్టి కాగితాన్ని భాగాలు చేసేవారు. పై భాగం నాయనమ్మకు, దాని కింద అమ్మకు, అడుగున పక్కపక్కనే రెండు గళ్లు నాకూ తమ్ముడికీ. ఎవరి గడి వాళ్లదే. నా గడిలో ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది. గోదావరి ఎక్కడ పుట్టింది, పదమూడో ఎక్కం ఎక్కడ తప్పుతున్నావు, అలాంటివి. జవాబు తిరుగు టపాలో పంపాలి. తప్పు రాస్తే, ఆ తర్వాతి ఉత్తరంలో సరైన జవాబుతో పాటు కొత్త ప్రశ్న. అంత దూరం నుంచి, నెలకొకటో రెండో ఉత్తరాలతో ఒక మనిషి ఇద్దరు పిల్లల చదువు ఎలా చూసుకున్నాడో నాకు పిల్లలు పుట్టాక గాని అర్థం కాలేదు. నా పిల్లలు నా కళ్లెదుటే ఉన్నా వాళ్లను రోజుకొక ప్రశ్న అడిగే తీరిక నాకు ఉండదు.

అమ్మ గడిలో ఏముండేదో మాకు తెలియదు. ఆ భాగం ఆవిడ మడిచి పట్టుకుని చదివేది.

1992లో హవల్దారుగా పదవీ విరమణ చేసి వచ్చేసరికి ఆయనకు నలభై రెండేళ్లు. మిగతా ఉద్యోగస్తులు స్థిరపడే వయసులో సైనికుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. బ్యాంకులో గార్డు ఉద్యోగం చూసుకున్నారు. అది చాలామంది మాజీ సైనికులు తొక్కిన దారే. ఇంట్లో సర్దుకోవడమే అంతకన్నా కష్టమైన పని. ఇరవై నాలుగేళ్ల పాటు పొలం పనులు, ఫీజులు, పెద్దల వైద్యం అన్నీ ఒంటిచేత్తో చక్కబెట్టిన ఇల్లాలి దగ్గరికి అన్నీ క్రమశిక్షణతో జరగాలనుకునే మనిషి వచ్చాడు. ఆయన పెత్తనం చేయబోలేదు. ఈ ఇంటికి తాను బదిలీ మీద వచ్చినవాణ్ణని నవ్వుతూ అనేవారు. ఏ డబ్బా ఎక్కడుందో అడిగి తెలుసుకున్నారు. ఇంటి ఖర్చుల పుస్తకం అమ్మ చేతిలోనే ఉంచారు. సైన్యంలో ఇచ్చే ఏ పతకమూ దీనికి రాదు గాని, నా దృష్టిలో ఆయన చేసిన కష్టమైన పనుల్లో ఇది ఒకటి.

ఇప్పుడు ఆయన గురించి ప్రభుత్వం దగ్గరున్నదేమిటో చెబుతాను. డిశ్చార్జి పుస్తకం. అందులో ఎత్తు, పుట్టుమచ్చలు, ట్రేడు, పతకాల పేర్లు, ప్రవర్తన ఎదురుగా 'ఎగ్జెంప్లరీ' (ఆదర్శప్రాయం) అన్న ఒక్క మాట ఉంటాయి. భార్యాపిల్లల వివరాలు పార్ట్ టూ ఆర్డర్ అనే సైనిక ఉత్తర్వు ద్వారా రికార్డుకెక్కుతాయి. అక్కడ మా అమ్మ పేరులో ఎప్పుడో ఒక గుమాస్తా ఒక అక్షరం మార్చి రాశాడు. ఆధార్‌లో ఒకలా, అక్కడ ఇంకోలా. దాంతో కుటుంబ పింఛను ఆగింది. ఆ మనిషికి భార్య తనేనని ఈ వయసులో మా అమ్మ రుజువు చేసుకోవాలి. ఆవిడ ఉత్తరాల కట్ట పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. ఇవి చెల్లవమ్మా, అఫిడవిట్ తెండి అన్నారు. నిబంధన ప్రకారం వాళ్లన్నది సరే. కానీ ఒక జీవితం గురించి మన దగ్గరున్న ఏకైక అధికారిక పత్రంలో భార్య పేరే తప్పుగా ఉంటే, మిగతా మనిషి ఎక్కడ దొరుకుతాడు?

1971లో ఇరవయ్యేళ్లున్న జవాను ఇవాళ డెబ్బై అయిదు దగ్గరున్నాడు. 1965 వాళ్లు ఎనభై దాటారు. ఇంకొక పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు. పైగా సైనిక జీవితమే మారుతోంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తర్వాత కొనసాగేది పాతిక శాతానికి మించదు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ నేను ఇక్కడ పెట్టను. యవ్వనమంతా సైన్యానికిచ్చి, కుటుంబాన్ని ఉత్తరాల మీద నడిపిన మనిషి మాత్రం ఇక అరుదవుతాడు.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం, 16న విజయ దివస్, జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం జరుపుతున్నాం. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు ఆ జనవరి 14. ఆ రోజు శాలువాలు కప్పుతారు, ఫోటోలు తీస్తారు. శాలువా కప్పించుకున్న పెద్దాయన చేతికి మైకు ఇచ్చేసరికి భోజనాల వేళవుతుంది.

నేను కోరేది చిన్న విషయం. పెన్షన్ పనుల మీద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు వచ్చే వృద్ధులను ఒక గంట కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేయడానికి ఒక మనిషిని నియమించాలి. డిగ్రీ కళాశాలల ఎన్‌సీసీ విద్యార్థులకు ఈ పని అప్పగించినా సంతోషంగా చేస్తారు. ఎంతమందిని చంపారని మాత్రం అడగవద్దని ముందే చెప్పాలి. ఎక్కడెక్కడ పనిచేశారు, ఏం పని చేశారు, పిల్లలు పుట్టినప్పుడు ఎక్కడున్నారు, ఆ కబురు ఎన్నాళ్లకు అందింది అని అడగాలి. వాళ్ల భార్యలను కూడా పక్కనే కూర్చోబెట్టాలి. సగం తేదీలు వాళ్లకే గుర్తుంటాయి. మీ పత్రిక వారానికొకరి గురించి అర పేజీ ఇవ్వగలిగితే ఇంకా మంచిది, అదీ మనిషి బతికుండగా.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే మా దగ్గరున్న ఉత్తరాల నకళ్లు ఇస్తాం, అమ్మ గడి తప్ప. అసలు ఉత్తరాలు మాత్రం ఇవ్వలేం. పింఛను పని ఇంకా తెమలలేదు, రేపు ఏ ఆఫీసులో ఏం అడుగుతారో తెలియదు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి కుమార్తె