ఒక్క వాక్యంలో తేలే సంగతి కాదు

సంపాదకులకు నమస్కారం.

ట్రాన్స్‌జెండర్ల గురించి మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా ఇంటివాళ్ల సంగతి ఒక్క వాక్యంతో సరిపెడతారు. గెంటేశారు అనో, అక్కున చేర్చుకున్నారు అనో. మా ఇంట్లో ఆ రెండూ జరగలేదు. ఆడపిల్లగా పెంచిన మా పెద్దబిడ్డ కొన్నేళ్ల కిందట తాను మగవాణ్ణని చెప్పాడు. ఇప్పటికీ మా ఆయన వాడితో ఆ విషయం నోరు విప్పి మాట్లాడలేదు. కానీ గెజిట్‌లో పేరు మార్పించడానికి కాగితాలు పట్టుకుని చెన్నై మౌంట్ రోడ్డు ఆఫీసుకు తిరిగింది ఆయనే. దీన్ని ఏ లెక్కలో వేస్తారు?

అందరికన్నా ముందు సర్దుకున్నది మా అత్తగారు. "పెద్ద మనవడికి మీ మావయ్యగారి పేరే పెట్టాలి" అని తేల్చేశారు. వాడేమో అది మరీ పాత పేరని గొణిగి, అందులో సగం పెట్టుకున్నాడు.

మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలయ్యాక గొంతు మారింది, మెల్లగా గడ్డం వచ్చింది. రక్తం చిక్కబడుతోందేమోనని ఎప్పటికప్పుడు పరీక్షలు. వీటికి నేను తొందరగానే అలవాటుపడ్డాను. చుట్టాలతోనే టెన్షన్. నెల్లూరులో పెళ్లికి "మీరిద్దరూ వస్తే చాలు" అన్నారు. మరొకాయన ఇక్కడే ఒక డాక్టరును చూపించాడు. మాత్రలు వాడి, సంబంధం చూసి పెళ్లి చేసేస్తే కుదురుకుంటుందట!

ఇలాంటి 'వైద్యం' చేయకూడదని 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ చెప్పారు. తీర్పుకు ముందు, ఈ విషయాలు తనకూ సరిగా తెలియవంటూ ఆయనే సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా, అలా చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పేనని చెప్పింది. మాకు మాత్రలు రాసిస్తానన్నాయనకు ఇదంతా తెలియదనుకోను.

మావాడికి కౌన్సెలింగ్ దొరికింది. మా ఇద్దరికీ తెలుగులో అడిగి తెలుసుకునే చోటు చెన్నైలో కనబడలేదు. మీ ఆరోగ్యం పేజీలో అప్పుడప్పుడైనా తల్లిదండ్రుల ప్రశ్నలకు ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేత, సైకియాట్రిస్టు చేత జవాబులు చెప్పించండి. మొదటి ప్రశ్న ఇప్పుడే పంపుతున్నాను: ఈ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వాడితే నలభై దాటాక గుండెకు ఏమైనా ఇబ్బందా? మా ఇంట్లో బీపీ ఉంది. అడగమన్నది మా ఆయన.

పేరు అచ్చు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక తల్లి, విల్లివాక్కం, చెన్నై