మంచు చూసొచ్చాను, ఇక మీ బొమ్మల సంగతి

జనవరి ఆఖర్లో రెండు వారాలు మన కొయ్యబొమ్మల కొట్టుకు తాళం చూసి కొందరు ఫోన్ చేసి తిట్టారు. తిట్టాల్సిందే, చెప్పకుండా వెళ్లాను. డెన్వర్‌లో ఉన్న మా అమ్మాయి టికెట్లు తీసేసింది.

అక్కడ అల్లుడు మమ్మల్ని బ్రెకెన్‌రిడ్జ్ తీసుకెళ్లాడు. కొలరాడో కొండల్లో 9,600 అడుగుల ఎత్తున చిన్న ఊరు, మన తిరుమలకు సుమారు మూడింతలు. నాలుగడుగులేస్తే చాలు, మోకాళ్ల పర్వతం ఎక్కినంత ఆయాసం. ఏటా చలికాలంలో అక్కడ మంచు శిల్పాల పోటీ పెడతారు. 12 అడుగుల ఎత్తు, 25 టన్నుల మంచు దిమ్మెలు. మిషన్లు వాడకూడదు, రంగు వేయకూడదు, లోపల ఊచ పెట్టకూడదు. అంతా చేతిపనే. ఒకావిడ కూరగాయల చెక్కు తీసే పీలర్‌తో శిల్పం చెంప నున్నగా గీస్తోంది. పక్కాయన కోళ్లగూటి వల ముక్కతో రుద్దుతున్నాడు, కొయ్యబొమ్మలు చెక్కే మన మాధవమాల ఊరి మేస్త్రి ఆకురాయి పట్టినట్టే.

నన్ను పట్టేసింది మాత్రం అంతకుముందు జరిగే పని. పెద్ద చెక్క పెట్టెల్లో మంచు పోసి, మనుషులు లోపలికి దిగి, కుమ్మరి మట్టి తొక్కినట్టు తొక్కుతారట. తర్వాత బాగా గట్టిపడేదాకా దాని జోలికి పోరు. కొన్నాళ్లలో కరిగిపోయేదానికి అంత ఓపిక!

ఇక నా సంగతి. పోయిన దసరాకి ఆర్డర్లు మీద పడి, సరిగా ఆరని కొయ్యతో పని చేయించాను. ఒకాయన వెనక్కి తెచ్చిన స్వామివారి బొమ్మకి మోకాలి నుంచి పీట దాకా నెర్రె, రూపాయి బిళ్ల అంచు దూరేంత. ఏసీ గదిలో పెట్టుంటారని ఆయన మీదకే తోశాను. ఏసీకి కొయ్య బిగుసుకునే మాట నిజమే గానీ, తప్పు నాది.

అందుకని అడుగున్నర దాటిన బొమ్మలకు ఇకమీదట రెండు నెలలు పడుతుంది. ఉగాదికి చిన్నవి అందుతాయి, దశావతారాల పలకలు అందవు. ఆగలేనివాళ్లు అడ్వాన్సు మొత్తం తీసుకెళ్లండి, మొహమాటం వద్దు.

మేస్త్రికి ఆ మంచు శిల్పాల ఫోటోలు చూపిస్తే, ‘దీనికి గ్యారంటీ అడిగేవాళ్లుండరు, అదృష్టవంతులు’ అన్నాడు.

నెర్రె విచ్చిన బొమ్మ ఉంటే తీసుకురండి, మార్చి ఇస్తాను. బిల్లు లేకపోయినా పర్లేదు, మన మేస్త్రి చెయ్యి చూడగానే తెలిసిపోతుంది.