వేలిముద్ర పక్కన సంతకం

సంపాదకుల వారికి నమస్కారం.

పర్లాకిమిడిలో 31 ఏళ్లు పిల్లలకు తెలుగు, లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడల్లా మీ పేజీలు పిల్లల ఫొటోలతో కళకళలాడతాయి. వాళ్ల కష్టం తెలిసినవాణ్ణి కనుక చూసి సంతోషిస్తాను. ఆ చదువు రేపు ఎవరికి అక్కరకొస్తుందన్నది మాత్రం ఈ మధ్య నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పోయిన నెల మా వీధి చివరింటి ముసలమ్మ ఒక సంచి పట్టుకుని వచ్చింది. "ఇదేటో సూడండి బాబూ, మళ్లీ డబ్బులు కట్టమని ఫోన్లు సేస్తన్నారు" అంది. సంచిలో పసుపూ కుంకుమా అంటిన కవరు. ఏడాది కిందట పోస్టులో వస్తే, డబ్బు తాలూకు కాగితం కదా అని భద్రంగా దేవుడి పటం వెనక పెట్టింది. అంచు కూడా చింపలేదు.

విప్పి చూస్తే బీమా పాలసీ. ఏటా 50 వేల చొప్పున పదేళ్లు కట్టాలి. ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాక చెక్క పొలం అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాననుకుంది. పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వద్దని తిప్పి పంపే హక్కు ఉంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లోపల దరఖాస్తు నకలు ఉంది. అలుక్కుపోయిన వేలిముద్ర. దాని పక్కనే, ఇందులోని సంగతులన్నీ ఆమెకు తెలిసిన భాషలో వివరించానని ఒక ధ్రువీకరణ, కింద తెలుగులో సంతకం. తలకట్టు చివర పైకి లాగి ఉంది. ఐదో తరగతిలో ఆ తలకట్టు నేనే ఎన్నోసార్లు దిద్దించాను. సంతకం నా పాత శిష్యుడిది. ఆ అబ్బాయి డిగ్రీ పాసైనప్పుడు వీధంతా మిఠాయి పంచాం. వాళ్లమ్మ అతన్ని బళ్లో చేర్చిన రోజు రిజిస్టరులో వేసింది కూడా వేలిముద్రే.

పిలిచి అడిగాను. "టార్గెట్ టెన్షన్ మాస్టారూ, అక్కడ సంతకం మామూలే అన్నారు, పెట్టేశాను" అన్నాడు, తల వంచుకుని. చెడ్డవాడు కాడు. అక్షరం గుండ్రంగా రావాలని నేర్పాను గానీ, సంతకమంటే మాట ఇవ్వడమని ఒక్కరోజూ చెప్పలేదు. ఆ తప్పు నాది.

సరిహద్దులో ఈ బాధ ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అందులో చేరింది. ఇళ్లల్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు చదవడం వచ్చిన పెద్దలు కూడా ఫారం ముందు నిరక్షరాస్యులే. చదివి చెప్పేవాడి నోటి మీదే వాళ్ల బతుకు ఆధారపడి ఉంటుంది. ఇదే ఊళ్లో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు, సవర గిరిజనులకు చదువు చెప్పాలంటే వాళ్ల భాష తనకు రావాలని పట్టుబట్టి నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టించారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మేము, మా వీధి అవ్వకు ఒక కాగితం చదివి పెట్టలేకపోయాం.

ముసలమ్మ తరఫున కంపెనీకి ఫిర్యాదు రాశాం. నెలలోపు జవాబు రాకపోతే భువనేశ్వర్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తాం, అక్కడ రుసుము ఏమీ ఉండదు. తాను వివరించకుండానే సంతకం పెట్టానని ఆ అబ్బాయే రాసిచ్చాడు. ఉద్యోగానికి ముప్పని తెలిసీ రాశాడు. ఆ కాగితం ముందు ఆమెకు చదివి వినిపించాడు, తర్వాతే సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున రామాలయం అరుగు మీద నేనూ, అతనూ, సవర మాట్లాడే ఒక డిగ్రీ అమ్మాయీ కూర్చుంటున్నాం. కాగితం మొత్తం చదివి వినిపించనిదే ఎక్కడా వేలు పెట్టనివ్వం. కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురంలో చదువుకున్న తెలుగు పిల్లలు వారానికి ఒక్క గంట ఇలా కూర్చోగలరా? సరిహద్దు శాఖల్లో డిపాజిట్, బీమా ఫారాల తెలుగు నకలు ఒకటి గోడకు అంటించమని బ్యాంకులనూ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా