పల్లెను చదివే ప్రొఫెసర్లు కావాలి

సంపాదకుడు గారికి,

విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టుల ఖాళీల మీద వార్త వచ్చినప్పుడల్లా చర్చ అంతా ఎన్ని పోస్టులు, రిజర్వేషన్ల రోస్టర్ ఏమిటి, కోర్టు ఏమంది అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ పోస్టులో చేరిన మనిషి తర్వాత ముప్పై ఏళ్లు ఏం పని చేస్తాడో ఎవరూ అడగడం లేదు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి నా సబ్జెక్టు వరకైనా ఆ మాట అడుగుతున్నాను. ఎకనామిక్స్ ప్రొఫెసర్లు పల్లెలకు వెళ్లి తెలుసుకోవాల్సినవి మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

2011 జనగణన ప్రకారం ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. మగవాళ్లు పనికోసం ఊరు విడిచి వెళ్లడం దీనికి ఒక ముఖ్య కారణం. చెన్నై, హైదరాబాద్‌లలో బిల్డింగ్ పనులకు పోయేవాళ్లు, గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్ల మీద వేట చేసేవాళ్లు మనవాళ్లే. 2018 చివర్లో అలా వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏ ఊరి నుంచి ఎంతమంది పోతున్నారు, మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకుంటున్నారు, ఇంటికి పంపిన డబ్బు అప్పులకు పోతోందా, పిల్లల ఫీజులకా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేశాక, మళ్లీ నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఆ కుటుంబాలు దేనిమీద బతికాయి? 2021 జనగణన ఆ ఏడాది జరగనే లేదు. జరిగినా ఇలాంటివి అందులో దొరకవు. ఒకే ఊరికి ఏళ్ల తరబడి వెళ్లి, ఇంటింటా కూర్చుని అడిగితేనే తెలుస్తాయి.

ఇది కొత్త పనేమీ కాదు. 1916లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థుల చేత పల్లెల సర్వే చేయించారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ఊళ్లలో కొన్నింటికి మళ్లీ వెళ్లి ఏం మారిందో చూశారు. అప్పుడు మనదీ మద్రాసు ప్రెసిడెన్సీయే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన ఇంటింటి వివరాల సేకరణను ప్రపంచంలో ఎందరో ఆర్థికవేత్తలు వాడుకున్నారు. మన జిల్లాలకు అలాంటి ఊరు ఒక్కటైనా ఉండొద్దా?

కుర్ర లెక్చరర్లను తప్పుపట్టలేం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఏడు పరిశోధన పేపర్లు, ప్రొఫెసర్‌కు పది పేపర్లు, 120 రీసెర్చ్ స్కోరు ఉండాలి. ఒక ఊరి సర్వే సరిగ్గా చేస్తే రెండేళ్లకు ఒక పేపరు వస్తుంది. ప్రభుత్వ ఆఫీసుల లెక్కలు దింపుకుని రాస్తే ఏడాదికి మూడు వస్తాయి. ప్రమోషన్ టెన్షన్ ఉన్నవాడు ఏ దారి పడతాడో చెప్పనక్కర్లేదు. ఇక గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి మరీ అన్యాయం. వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని సోంపేట వెళ్లి పదేళ్ల అధ్యయనం మొదలుపెట్టమని ఏ నోటితో అడుగుతాం?

2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను గుర్తించిన పరిశోధన పత్రికల జాబితాను, అంటే కేర్ జర్నళ్ల జాబితాను, ఎత్తేసింది. పరిశోధన నాణ్యతను తేల్చుకునే బాధ్యత ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీదే పడింది. ఇది మంచి అవకాశమని నా గట్టి నమ్మకం. 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన మన అంబేద్కర్ విశ్వవిద్యాలయమే ముందడుగు వేయవచ్చు. ఉద్దానంలో ఒకటి, వంశధార ఆయకట్టులో ఒకటి, తీరంలో ఒకటి, ఏజెన్సీలో ఒకటి, నెల్లిమర్ల జూట్ మిల్లు పక్కన ఒకటి చొప్పున ఊళ్లు ఎంచుకుని, అయిదేళ్లకోసారి ఇంటింటి సర్వే జరపాలి. ఎం.ఏ. విద్యార్థులే సర్వేకు వెళ్లవచ్చు, వాళ్లకూ సర్వే పని పట్టుబడుతుంది. వచ్చిన వివరాలు తెలుగులో అచ్చువేసి, పేర్లు లేకుండా ఆ ఊరి పంచాయతీకి ఇవ్వాలి.

ఎకనామిక్స్ పోస్టుల్ని రెగ్యులర్‌గా భర్తీ చేయాలనీ, ఇలాంటి సర్వేకు ప్రమోషన్‌లో పేపర్లతో సమానంగా మార్కులు ఇచ్చే ఏర్పాటు వచ్చే నోటిఫికేషన్ లోపే చేయాలనీ ఉన్నత విద్యామండలిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- విశ్రాంత ఎకనామిక్స్ అధ్యాపకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా