అమెరికా యుద్ధం, మీ అనుబంధం, మా గుంటూరు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండిన సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వేసిన రెండు పేజీల వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఈపాటికి ఎవరో ఒకరు రాసి ఉంటారనీ, మీరు సవరణ వేస్తారనీ ఇన్నాళ్లూ చూశాను. వెయ్యలేదు. రెండు పేజీల్లో సగం బాణసంచా ఫొటోలు, మరో పావు అక్కడి మనవాళ్ల విందుల ముచ్చట్లు. మిగిలిన పావులో యుద్ధం. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన చేశారట, అమెరికా సేనాని వాషింగ్టన్ ‘వరుస విజయాలతో’ ఆంగ్లేయులను తరిమేశాడట. అయిపోయింది.

వరుస విజయాలా! అసలు ప్రకటన నాటికే యుద్ధం మొదలై ఏడాది దాటింది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో తుపాకులు పేలాయి. ప్రకటన వచ్చి రెండు నెలలు తిరక్కముందే లాంగ్ ఐలండ్‌లో వాషింగ్టన్ చిత్తుగా ఓడిపోయాడు. రాత్రికి రాత్రి సైన్యాన్ని పడవలెక్కించి నది దాటించాడు కాబట్టి బతికిపోయాడు. న్యూయార్క్ చేజారింది. ఆంగ్లేయులు దాన్ని ఖాళీ చేసింది 1783 నవంబరులో! 1776 డిసెంబరులో ట్రెంటన్ దగ్గర ఒక గెలుపు దక్కిందనుకుంటే, మరుసటి ఏడాది బ్రాండీవైన్ దగ్గర మళ్లీ దెబ్బ. ఫిలడెల్ఫియా పోయింది, అక్కడి ప్రతినిధుల సభ ‘కాంగ్రెస్’ పెద్దలు మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. ఆ చలికాలం వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో శత్రువు గుండు తగలకుండానే, రోగాలతో సుమారు 2,000 మంది సైనికులు చనిపోయారు. 1780లో చార్ల్స్‌టన్ పడిపోయినప్పుడు 5,000 మందికి పైగా పట్టుబడ్డారు. ఇన్ని దెబ్బలు తిన్నా సైన్యం చెదిరిపోకుండా ఎనిమిదేళ్లు పట్టి ఉంచాడే, వాషింగ్టన్ ఘనత అది. లేని విజయాలు అంటగట్టి మీరు ఆయన పరువు తీశారు.

యుద్ధాన్ని మలుపు తిప్పిన సారటోగా పోరు (1777 అక్టోబరు) ఒక్క వాక్యంలో కూడా లేదు. అక్కడ ఆంగ్లేయ సేనాని బర్గోయిన్ సైన్యం మొత్తం లొంగిపోయింది. వాషింగ్టన్ ఆ ఛాయలకే లేడు లెండి. ఆ గెలుపు చూశాకే ఫ్రాన్స్ 1778 ఫిబ్రవరిలో చేతులు కలిపింది, మరుసటి ఏడాది స్పెయిన్ కూడా దిగింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచి నౌకాదళం సముద్రం దారి మూసెయ్యకపోతే ఆంగ్లేయ సేనాని కారన్‌వాలిస్ ఓడెక్కి వెళ్లిపోయేవాడు. లొంగిపోయిన రోజు ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. ఆ తర్వాత కూడా పారిస్ ఒప్పందానికి 1783 సెప్టెంబరు 3 దాకా పట్టింది.

ఇక తేయాకు. ఆంగ్లేయుల మీద కోపంతో అమెరికా జనం బోస్టన్ రేవులో పారబోసింది ‘మన అస్సాం తేయాకు’ అని రాశారు. 1773లో అస్సాంలో తేయాకు తోటలెక్కడివండీ? ఆ 342 పెట్టెల్లో ఉన్నది చైనా సరుకు. అమ్మింది మాత్రం మనల్ని దోచిన ఈస్టిండియా కంపెనీయే. దాన్ని గట్టెక్కించడానికి లండన్‌లో చట్టం చేస్తే అమెరికాలో మంట పుట్టింది. నిజంగా మనకు సంబంధించిన ముక్క అది. దాన్ని వదిలేసి లేనిపోని అస్సాంను పట్టుకొచ్చారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది గుంటూరు సంగతి వదిలెయ్యడం. ఫ్రాన్స్ యుద్ధంలోకి దిగగానే ఆంగ్లేయులు ఇక్కడి ఫ్రెంచి స్థావరాలను, 1778లో పాండిచ్చేరిని, 1779లో మలబారు తీరంలోని మాహేని పట్టుకున్నారు. అప్పట్లో గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది. ఆయన కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని పంపించెయ్యాలనే సాకుతో మద్రాసు దొరలు గుంటూరును రాయించుకుని, ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చారు. నిజాంకు మండింది. తన అండలో ఉన్న మాహే పోయినందుకు, తన నేల మీదుగా బసాలత్ జంగ్ ఉండే ఆదోనికి ఆంగ్లేయులు పటాలం నడిపించబోయినందుకు మైసూరు హైదర్ అలీకి ఇంకా మండింది. 1780లో ఆయన కర్ణాటకం మీద విరుచుకుపడి, కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఆంగ్లేయ అధికారి బెయిలీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. ఆ పేరు ఎంత దూరం పోయిందంటే, 1782లో డెలావేర్ అఖాతంలో ఒక ఆంగ్లేయ నౌకను పట్టుకున్న పెన్సిల్వేనియా ఓడ పేరు ‘హైదర్ అలీ’. ఆంగ్లేయులకూ ఫ్రెంచివాళ్లకూ కడలూరులో జరుగుతున్న పోరు, యూరప్‌లో సంధి కుదిరిందన్న కబురు 1783 జూన్ చివర్లో అందాక గానీ ఆగలేదు. యార్క్‌టౌన్‌లో ఓడిన కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన నెత్తిన వచ్చి కూర్చున్నాడు. 1788లో నిజాం దగ్గర గుంటూరు ఖాయంగా లాక్కున్నదీ ఆయనే. బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే తర్వాత సర్కారు జిల్లాలకూ తగులుకుంది. అక్కడ ఓడినందుకు శిక్ష మనకు పడిందన్నమాట!

ఇదంతా గుంటూరు ఎడిషన్‌లోనైనా వెయ్యాలని ఎవరికీ తోచలేదా? తోచదు లెండి, రాసేవాళ్లూ బిట్లతో పెరిగినవాళ్లే. ‘అమెరికా స్వాతంత్ర్యం ఎప్పుడు? 1776.’ ఒక మార్కు. గ్రూప్-2 కోచింగ్‌కు వెళ్లే మా మేనల్లుడిని మరి 1783 ఏమిటిరా అని అడిగితే, ‘అది సిలబస్‌లో లేదు మావయ్యా’ అన్నాడు. ఆ మధ్య పాత జిల్లా గెజిటీర్ చూద్దామని ఒక గ్రంథాలయానికి వెళ్తే, బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. రెండోసారి వెళ్తే బదిలీ అయ్యాడన్నారు, తాళంతో సహా కాబోలు! అధికారులకు కూడళ్లలో సెల్ఫీ పాయింట్లు పెట్టడానికి డబ్బులుంటాయి గానీ, ఈ ఊరు చేతులు మారిన కథను నాలుగు వాక్యాల్లో ఒక బోర్డు మీద రాయించడానికి ఉండవు. అరండల్‌పేట, బ్రాడీపేట అని దొరల పేర్లు మాత్రం రోజూ పలుకుతూనే ఉన్నాం.

తేయాకు సంగతి, ‘వరుస విజయాల’ సంగతి సవరణ వెయ్యండి. ఏ మూలన వేసినా వెతుక్కుని చదువుతాను.

ఇట్లు,
మీ పాత చందాదారు,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క.: ‘అందరికీ స్వేచ్ఛ’ అని పెద్దక్షరాల్లో శీర్షిక పెట్టారు. అప్పటి ఆ 13 వలసల జనాభాలో దాదాపు అయిదో వంతు బానిసలు. వాళ్లలో వేలమంది స్వేచ్ఛ కోసం ఆంగ్లేయుల వైపే పారిపోయారు. యుద్ధం చివర వాళ్లను తిరిగి అప్పగించమని వాషింగ్టన్ అడిగితే ఆంగ్లేయ సేనాని కార్ల్‌టన్ కుదరదన్నాడు. సుమారు 3,000 మందిని న్యూయార్క్ నుంచి ఓడలెక్కించి పంపేశాడు. ఆ ‘అందరికీ’ అన్న మాట మీ వ్యాసకర్తదా, డెస్క్‌లోవాళ్లదా?