పడుకోమని చీటీ రాసే డాక్టర్ ఎక్కడున్నారు?

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను టెక్సస్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. మా పక్కింటాయన 1991 గల్ఫ్ యుద్ధంలో పనిచేశారు. కూరగాయల సంచి కారులోంచి వంటింట్లోకి తెచ్చుకున్నా చాలు, తర్వాత రెండు రోజులు మంచం దిగలేరు. ఆయన పరిహారం అప్పీలు కాగితాలు సర్దిపెడుతూ మీ నిబంధనలు చదివాను.

ఆయనది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని నీరసం జబ్బు. దీనికి 10 నుంచి 100 శాతం దాకా రేటింగ్ (పరిహారం లెక్కకట్టే వైకల్య శాతం) ఉంది. మెలికల్లా ఒకచోటే. డాక్టర్ మంచం మీదే ఉండమని రాసి, వైద్యం చేస్తేనే ఆ రోజుల్ని మీరు లేవలేని రోజులుగా లెక్కేస్తారు. అలాంటివి ఏడాదికి 6 వారాలుంటే 60 శాతం. ఈ జబ్బుకు అలా చీటీ రాసే డాక్టర్ ఎక్కడున్నారండీ? లేవలేని మనిషి దానికోసం క్లినిక్ దాకా ఎలా వెళ్తాడు?

రోజువారీ పనులు సగం కంటే తగ్గాయని చూపే దారీ ఉంది, నిజమే. కానీ దానికి సాక్ష్యం ఇంట్లోవాళ్లే కదా!

గల్ఫ్ యుద్ధం జరిగిన నైరుతి ఆసియాలో పనిచేసినవారికి ఈ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని మీ నిబంధనే భావిస్తుంది. అయినా ఇలాంటి గల్ఫ్ యుద్ధ అనారోగ్యాల క్లెయిమ్‌ల ఆమోదం రేటు మిగతా క్లెయిమ్‌లతో పోలిస్తే మూడో వంతేనని 2017లో ప్రభుత్వ శాఖల పనితీరును తనిఖీ చేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే (GAO) చెప్పింది.

2019 నుంచి అప్పీలుకు మూడు దారులు పెట్టారు. సీనియర్ సమీక్షకుడి దారిలో కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు. తెలియక అది ఎంచుకుంటే నెలలు పోయినట్టే.

ఆ చీటీ షరతు తీసేయండి. భార్య రాసిన డైరీని కూడా సాక్ష్యంగా గట్టిగా తూచమని మీవాళ్లకు చెప్పండి.

ఇట్లు,
ఒక పొరుగింటివాడు