వంద గ్రాముల లెక్క పళ్లెంలోకి రాదు

సంపాదకుల వారికి నమస్కారం.

సోయా పిండినీ పాలకూరనూ పక్కపక్కన పెట్టి పోల్చే పట్టికలు ఈ మధ్య ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. వాటిలో అంకెలు చాలావరకు సరైనవే. కొవ్వు తీయని సోయా పిండి 100 గ్రాముల్లో 36 నుంచి 38 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పాలకూరలో 2 నుంచి 3 గ్రాములు. ఇనుము సోయాలో 6 నుంచి 8 మిల్లీగ్రాములు, పాలకూరలో 3కు కాస్త అటూ ఇటూ. క్యాల్షియం అక్కడ 200 మిల్లీగ్రాములు, ఇక్కడ 80 నుంచి 100. ఇది చూసి ఆకుకూర దండగ, రెండు చెంచాల సోయా కలుపుకుంటే చాలనుకునే ఇళ్లు కొన్ని. "ఆకుకూరలోనే అన్నీ ఉన్నాయి, పప్పెందుకు" అనే ఇళ్లు ఇంకొన్ని. ఇద్దరినీ తప్పుదారి పట్టించింది ఆ 100 గ్రాముల కొలతే.

100 గ్రాముల పాలకూరలో 91 గ్రాములు నీళ్లే. సోయా పిండిలో నీళ్లు 5 నుంచి 8 గ్రాములకు మించవు. తడిదాన్నీ ఎండినదాన్నీ ఒకే తూకంలో వేస్తే ఎండినదే గెలుస్తుంది. నీళ్లు తీసేసి చూస్తే పాలకూర పొడిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ప్రొటీనే! అయినా దాంతో ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ పొడిని ఎవరూ పళ్లెం నిండా తినరు. సోయా పిండినీ ఎవరూ 100 గ్రాములు తినరు. ఒక మనిషి వంతుకు వచ్చేది పిండి 15, 20 గ్రాములు, ఆకు శుభ్రం చేశాక 100 గ్రాములు. పోల్చాల్సింది ఈ రెంటినే.

అలా చూస్తే 20 గ్రాముల సోయా పిండిలో ప్రొటీన్ 7 గ్రాములు, శక్తి 85 కిలో క్యాలరీలు, ఇనుము సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు. 100 గ్రాముల పాలకూరలో ప్రొటీన్ 2 నుంచి 3 గ్రాములు, శక్తి 25 కిలో క్యాలరీలు, ఇనుము 3 మిల్లీగ్రాములు. అంటే ఇనుములో పాలకూరే ముందుంది. పైగా సి విటమిన్, విటమిన్ 'ఎ'గా మారే బీటా కెరోటిన్ పాలకూరలో బాగా ఉన్నాయి, సోయా పిండిలో దాదాపు లేవు. బి12 రెండింట్లోనూ లేదు. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు 46 గ్రాముల వరకు ప్రొటీన్ కావాలి. అందులో 7 గ్రాములు రెండు చెంచాల పిండి ఇస్తుంది. అదే ప్రొటీన్ పాలకూరతో రావాలంటే పూటకు పావు కిలో దాటాలి.

ఇక క్యాల్షియం. పేరులో పాలు ఉన్నాయి గదా అని పాలకూరలో పాలంత క్యాల్షియం ఉందనుకునేవాళ్లు చాలామంది. ఆకులో ఉన్నది ఒంటికి పట్టాలి. పాలకూరలో ఆక్సలేట్లు 100 గ్రాములకు 600 మిల్లీగ్రాముల పైనే ఉంటాయి. అవి క్యాల్షియాన్ని కడుపులోనే పట్టేసి కరగని ఉప్పుగా మార్చి బయటికి పంపుతాయి. ఒంటికి పట్టేది నూటికి 5 వంతులే. అంటే 100 గ్రాముల ఆకుకు 4, 5 మిల్లీగ్రాములు. సోయాలో క్యాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఉన్నా 30 శాతం దాకా ఒంటికి పడుతుంది. 20 గ్రాముల పిండికి 12 మిల్లీగ్రాములు అనుకోండి. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పాలతో పట్టేది 65, 70 మిల్లీగ్రాములు. ఎముకల కోసమైతే ఈ రెండింటి పోటీ చూడటమే వృథా. పాలు, పెరుగు, సల్ల, రాగి అంబలి చూసుకోవాలి. 30 గ్రాముల రాగి పిండిలో 100 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. ఆకుల్లోనే కావాలంటే ఆక్సలేట్లు చాలా తక్కువున్న మెంతికూర మేలు.

ఈ మాట నల్లగొండ జిల్లాలో కొంచెం గట్టిగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. దానివల్ల మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి 1973లోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు రాశారు. తిండిలో క్యాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ చేసే చెరుపు ఎక్కువ. కృష్ణా నీళ్లు ఇంటికొచ్చినా పొలం దగ్గర బోరునీళ్లే తాగేవాళ్లు ఉన్నారు. అలాంటి ఇంట్లో పిల్లల ఎముకలకు పాలకూరను నమ్ముకోవడం తప్పు. పాలు, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు మానకుండా తీసుకోవడం దానికన్నా ముఖ్యం.

ఇనుము విషయంలో సోయా, పాలకూర రెండూ పిసినారులే. ఉన్నదాంట్లో కొద్దిపాటే ఒంటికి పడుతుంది. దాన్ని పెంచే దారి మాత్రం మన దగ్గరే ఉంది. నకిరేకల్ మార్కెట్‌కు రాశులుగా వచ్చే నిమ్మకాయలు అందుకే, వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటపట్టిస్తుంది. కూర దించాక, కాస్త చల్లారాక పిండాలి. మరుగుతున్న కూరలో పిండితే సి విటమిన్ కొంత పోతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే నిమ్మకాయ చేసిన మేలు చాయ మింగేస్తుంది. గంట, గంటన్నర ఆగాలి.

వండే తీరులో పాలకూర ఒక చిక్కు పెడుతుంది. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఆక్సలేట్లు బాగా తగ్గుతాయి, కానీ గర్భిణులకు కావలసిన ఫోలేట్ అనే బి విటమిన్ కూడా సగం దాకా ఆ నీళ్లతోనే పోతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, అవి ఆక్సలేట్ రాళ్లని డాక్టర్ చెప్పినవాళ్లు, వార్చే తినాలి, అదీ అప్పుడప్పుడే, పెరుగుతో కలిపి. పెరుగులోని క్యాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే కట్టేస్తుంది, అది రక్తంలోకి ఎక్కువగా పోదు. మిగతావాళ్లు వార్చవద్దు. కడిగాక కోయాలి, కోశాక కడగవద్దు. ఆకుకు అంటిన నీళ్లతోనే మూతపెట్టి 5, 6 నిమిషాలు మగ్గిస్తే చాలు. చెంచా నూనె పోపు తప్పనిసరి, నూనె లేకుంటే బీటా కెరోటిన్ సరిగా పట్టదు. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం పాలకూర ఒక్కసారిగా పెంచడం, ఒక్కసారిగా మానడం రెండూ చేయొద్దు. అందులోని కె విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

సోయా పిండిలో తప్పులు ఇంకా ఎక్కువ జరుగుతాయి. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని ట్రిప్సిన్ నిరోధకాలు ఉన్నాయి. గింజలను పచ్చిగానే గిర్నిలో పట్టించి ఆ పిండి మజ్జిగలో కలుపుకుని తాగితే కడుపు ఉబ్బరిస్తుంది, ప్రొటీన్ కూడా పూర్తిగా అందదు. పెనం మీద వేయించినా సరిపోదు, పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. తడి వేడే దానికి మందు. కిలో పొట్టు తీసిన సోయా పప్పుకు మూడు లీటర్ల నీళ్లు బాగా మరగనిచ్చి, పప్పును నేరుగా ఆ మరిగే నీళ్లలోనే వేయాలి. మళ్లీ మరుగు మొదలైనప్పటి నుంచి 25, 30 నిమిషాలు ఉడికించి, వార్చి, కడిగి, బట్ట మీద పలచగా పరిచి గలగలమనేదాకా ఎండబెట్టి పట్టించాలి. రాత్రి చల్లనీళ్లలో నానబెట్టి రుబ్బితే వచ్చే పచ్చి వాసనకు కారణం గింజలోని ఒక ఎంజైమ్. గింజ నలిగి తడి తగిలితే అది నూనె మీద పనిచేస్తుంది. మరిగే నీళ్లు ముందే దాన్ని చంపేస్తాయి.

సోయాలో నూనె ఐదో వంతు. విడిగా పట్టిస్తే గిర్ని రాళ్లకు అంటుకుని ముద్ద కడుతుంది. పది వంతుల జొన్నలకో గోధుమలకో ఒక వంతు కలిపి పట్టించడం మేలు. ప్రొటీన్ కట్టుబడికి కావలసిన అమైనో ఆమ్లాల్లో లైసిన్ జొన్నల్లో తక్కువ, సోయాలో పుష్కలం. మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం సోయాలో తక్కువ, ఆ లోటును జొన్న కొంత పూడుస్తుంది. పాలమూరు జొన్నరొట్టెకు ఇది బాగా పొసుగుతుంది. కిలో జొన్నపిండిలో 100 గ్రాములు కలిపితే, 60 గ్రాముల పిండితో చేసిన ఒక్కో రొట్టెలో సోయా 5 గ్రాములు దాటి వస్తుంది, మూడు రొట్టెలకు సోయా నుంచే 6 గ్రాముల దాకా ప్రొటీన్. అంతకన్నా ఎక్కువ కలిపితే తట్టేటప్పుడు అంచులు పగులుతాయి, రొట్టె త్వరగా ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది. పిండిని బాగా కాగిన నీళ్లతో, మామూలుకన్నా కాస్త ఎక్కువ నీళ్లతో కలపాలి. కలిపి పట్టించిన పిండి నెలలోపు వాడుకోవాలి. పాత నూనె వాసన వస్తే పారేయాలి.

దుకాణంలో కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక కొవ్వు అంకె చూడండి. 20 దగ్గర ఉంటే పూర్తి కొవ్వు పిండి, ఒకటి రెండు ఉంటే నూనె తీసినది. రెండో దాంట్లో ప్రొటీన్ 50 శాతం దాకా ఉంటుంది, నిలవ కూడా ఎక్కువ. మీల్‌మేకర్ దానితోనే చేస్తారు. దాని ప్యాకెట్ మీది 50 గ్రాముల ప్రొటీన్ ఎండు తూకానికి, నానితే రెండు మూడు రెట్లు బరువెక్కుతుంది. కోళ్ల దాణాకు అమ్మే సోయా చెక్క చవకని తెచ్చి పిండి పట్టించకండి. తిండికి వాడే సరుకుకుండే పరీక్షలు, శుభ్రత దానికి ఉండవు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఉదయం టిఫిన్‌లో సోయా పెట్టుకోవద్దు, అది మాత్రను సరిగా ఒంటపట్టనివ్వదు. మధ్యాహ్నానికో రాత్రికో మార్చుకోండి. ఏడాదిలోపు పిల్లలకు పాల బదులు సోయా పిండి జావ ఇవ్వడం సరి కాదు. ఆరు నెలలు దాటాక జావలో అర చెంచాతో మొదలుపెట్టి, దద్దుర్లో వాంతులో వస్తే ఆపేయాలి.

ఒక సంగతి మిగిలింది. సోయా పంట మన దక్షిణ తెలంగాణలో కాదు, ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ వైపు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇంటి పంటగా పల్లీలున్నాయి, వాటిలో ప్రొటీన్ 24, 25 శాతం. నారాయణపేట వైపు కందులున్నాయి. ఇవి చేతిలో ఉన్న ఇల్లు సోయా పిండి కోసం దుకాణానికి పోనక్కర్లేదు. 30 గ్రాముల పల్లీలు, పాలకూర పప్పు, జొన్నరొట్టె ఉన్న పళ్లెంలో సోయా లేని లోటేమీ కనిపించదు. కందిపప్పు కొనలేక పలచని చారుతో సరిపెట్టుకునే ఇంట్లో మాత్రం కిలో జొన్నపిండిలో కలిపే ఆ 100 గ్రాముల సోయా పిండి పనికొస్తుంది. మీ పత్రిక పోషకాల పట్టికలు వేసేటప్పుడు పచ్చి తూకం పక్కనే ఒక మనిషి వంతు ఎంతో కూడా వేయాలని కోరుతున్నాం.

— ఇద్దరు విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకులు, నల్లగొండ